2001 ఏఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ బ్యాచ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మెల్బోర్న్ పశ్చిమ శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇప్పుడు చాలామంది పిల్లలు ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆడుతున్నారు, చూస్తున్నారు. పెద్దలకు ఆ ఆట కొత్త. ఆ ఆటలో అగ్రశ్రేణి లీగ్ పేరు ఏఎఫ్‌ఎల్. అందులోని క్లబ్బులు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమమే డ్రాఫ్ట్. ఏటా నవంబరులో అది దగ్గరపడగానే టీవీలోనూ ఆఫీసులోనూ 2001 ప్రస్తావన వస్తుంది, దానితో పాటే అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. వాటికి జవాబులను ఇక్కడ ఒకచోట కూర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే సంపూర్ణంగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## డ్రాఫ్ట్‌కు ముందు

డ్రాఫ్ట్ అంటే మన ఐపీఎల్ వేలం లాంటిదేనా?

కాదు. వేలంలో ఎక్కువ డబ్బు పెట్టిన జట్టుకు ఆటగాడు దక్కుతాడు. డ్రాఫ్ట్‌లో క్లబ్బులు డబ్బుతో పోటీపడవు, వంతులవారీగా ఎంచుకుంటాయి. గడచిన సీజన్‌లో అట్టడుగున నిలిచిన క్లబ్బుకు మొదటి వంతు, విజేతకు చివరి వంతు వస్తాయి. ఈ వంతునే పిక్ అంటారు. క్లబ్బులు తమ పిక్‌లను ఒకదానితో ఒకటి మార్చుకోవచ్చు, ఆటగాళ్లకు బదులుగా ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఎంపికైన యువకుడికి మాత్రం క్లబ్బును గానీ నగరాన్ని గానీ కోరుకునే హక్కు లేదు. మెల్బోర్న్‌లో పెరిగినవాడిని పెర్త్ క్లబ్ పిలిస్తే అతడు పెర్త్‌కే వెళ్లాలి. బలహీనమైన క్లబ్బులు తిరిగి కోలుకోవాలనే ఉద్దేశంతో 1986లో ఈ పద్ధతిని ప్రవేశపెట్టారు.

2001 బ్యాచ్‌ను 'సూపర్ డ్రాఫ్ట్' అని ఎందుకు అంటారు?

లీగ్‌లో అత్యున్నత వ్యక్తిగత పురస్కారమైన బ్రౌన్‌లో మెడల్‌ను ఈ ఒక్క బ్యాచ్‌లోని అయిదుగురు ఆటగాళ్లు కలిసి ఏడుసార్లు గెలుచుకున్నారు. సీజన్ విజేతను తేల్చే చివరి మ్యాచ్ అయిన గ్రాండ్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్‌ను కూడా ఈ బ్యాచ్‌లోని అయిదుగురు ఆరుసార్లు అందుకున్నారు. 2005 నుంచి 2015 వరకు వరుసగా పదకొండేళ్లు ప్రీమియర్‌షిప్ (సీజన్ టైటిల్) గెలిచిన ప్రతి జట్టులోనూ ఈ డ్రాఫ్ట్‌లో ఎంపికైనవాడు కనీసం ఒక్కడైనా ఉన్నాడు. ఆ పదకొండింటిలో అయిదు విజయాలకు కెప్టెన్లు కూడా ఈ బ్యాచ్ వారే: 2006లో వెస్ట్ కోస్ట్‌కు క్రిస్ జడ్, 2008లో హాథార్న్‌కు శామ్ మిచెల్, 2013, 2014, 2015లలో అదే హాథార్న్‌కు ల్యూక్ హాడ్జ్. ఒకరిద్దరు గొప్పవాళ్లు ఏ బ్యాచ్‌లోనైనా ఉంటారు. మొదటి పిక్ నుంచి 71వ పిక్ దాకా గొప్పవాళ్లు చెదురుగా దొరకడం మాత్రం అరుదు, ఈ బ్యాచ్ విశిష్టత నా దృష్టిలో అదే.

మొదటి మూడు పిక్‌లు ఏ క్లబ్బులకు, ఏ లెక్కన వచ్చాయి?

సీజన్‌లోని 22 మ్యాచ్‌లలో అయిదు లేదా అంతకంటే తక్కువ గెలిచిన క్లబ్బుకు, దాని మామూలు వంతు కాక, అందరికంటే ముందు ఒక అదనపు పిక్ ఇచ్చే నియమం అప్పట్లో ఉండేది. దాన్ని ప్రయారిటీ పిక్ అంటారు. 2001లో ఫ్రీమాంటిల్ రెండు, సెయింట్ కిల్డా నాలుగు, వెస్ట్ కోస్ట్ అయిదు మ్యాచ్‌లే గెలిచాయి. అందువల్ల మొదటి మూడు పిక్‌లు ఈ మూడు క్లబ్బులకూ అదనంగా దక్కాయి, ఆ తర్వాత 4, 5, 6 పిక్‌లు కూడా అదే వరుసలో వాటికే వచ్చాయి. ఓడిపోతే మేలు జరుగుతుందన్న ఆలోచనకు ఈ నియమం తావిస్తోందని విమర్శలు రావడంతో తర్వాతి సంవత్సరాలలో దీన్ని బాగా కఠినం చేశారు.

మొదటి పిక్ ఫ్రీమాంటిల్‌ది అయితే, ల్యూక్ హాడ్జ్‌ను హాథార్న్ ఎలా తీసుకుంది?

డ్రాఫ్ట్‌కు ముందు జరిగిన మార్పిడిలో ఫ్రీమాంటిల్ తన 1, 20, 36 పిక్‌లను హాథార్న్‌కు ఇచ్చి, బదులుగా ట్రెంట్ క్రోడ్, ల్యూక్ మెక్‌ఫార్లిన్ అనే ఇద్దరు యువ ఆటగాళ్లను తీసుకుంది. ఇప్పుడు వెనక్కి చూసి ఫ్రీమాంటిల్‌ను తప్పుపట్టడం తేలిక. అప్పటి పరిస్థితిని తలచుకుంటే అంత తేలిక కాదు. ఆ క్లబ్ లీగ్‌లోకి వచ్చింది 1995లోనే. 2001లో రెండే విజయాలు, సీజన్ మధ్యలో కోచ్‌ను తొలగించవలసి వచ్చిన దుస్థితి. 18 ఏళ్ల కుర్రవాడు ఎదిగేదాకా వేచి ఉండే ఓపిక అభిమానులకు లేదు. క్రోడ్ 1997 డ్రాఫ్ట్‌లో మూడో పిక్‌గా వచ్చి అప్పటికే నిరూపించుకున్న పొడగరి. మెక్‌ఫార్లిన్ పశ్చిమ ఆస్ట్రేలియా కుర్రవాడు, అంటే సొంతగడ్డకు తిరిగి వస్తున్నవాడు.

హాథార్న్ వైపు నుంచి చూస్తే తెగింపు ఇంకా పెద్దది. 2001లో ఆ జట్టు గ్రాండ్ ఫైనల్‌కు ముందు జరిగే ప్రిలిమినరీ ఫైనల్ దాకా వెళ్లి ఎసెండన్ చేతిలో తొమ్మిది పాయింట్ల తేడాతో ఓడింది. గ్రాండ్ ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరంలో ఉన్న జట్టు సిద్ధంగా ఉన్న ఆటగాడిని వదులుకుని, ఇంకా ఆడని కుర్రవాడి కోసం పందెం కాసింది. ఫలితం వెంటనే రాలేదు. 2004కల్లా జట్టు పట్టిక అడుగుకు జారింది. కానీ ఆ మార్పిడిలో వచ్చిన 1వ పిక్‌తో హాడ్జ్, 36వ పిక్‌తో మిచెల్ దొరికారు, ఇద్దరూ కలిసి ఆ క్లబ్ తరఫున 612 మ్యాచ్‌లు ఆడారు. 20వ పిక్ మాత్రం ఫలించలేదు.

ఈ కథలో మరిచిపోకూడని విషయం ఒకటుంది. మెక్‌ఫార్లిన్ ఫ్రీమాంటిల్‌కు 240కి పైగా మ్యాచ్‌లు ఆడి, 2012లో ఆల్ ఆస్ట్రేలియన్ జట్టుకు (ఏటా లీగ్‌లోని ఉత్తమ ఆటగాళ్లతో ప్రకటించే గౌరవ జట్టుకు) ఎంపికయ్యాడు. క్రోడ్ రెండు సీజన్ల తర్వాత హాథార్న్‌కే తిరిగి వచ్చి 2008 ప్రీమియర్‌షిప్ జట్టులో ఆడాడు. కాబట్టి ఫ్రీమాంటిల్‌కు ఏమీ మిగల్లేదనడం సరికాదు. నష్టపోయిందనడం మాత్రం సరైనదే.

డ్రాఫ్ట్‌కు ముందు అందరూ ఎవరి పేరు చెప్పుకున్నారు?

హాడ్జ్, ల్యూక్ బాల్, జడ్ అనే ముగ్గురి పేర్లూ మొదటి మూడు స్థానాలలో ఉంటాయని ముందే అనుకున్నారు. ఏ వరుసలో అన్నదే చర్చ. హాడ్జ్ విక్టోరియా రాష్ట్రంలోని కొలాక్ అనే చిన్న పట్టణం నుంచి వచ్చి జీలాంగ్ ఫాల్కన్స్ యువజట్టుకు ఆడాడు. బాల్, జడ్ ఇద్దరూ మెల్బోర్న్‌లో శాండ్రింగ్‌హామ్ డ్రాగన్స్ అనే ఒకే యువజట్టుకు ఆడినవాళ్లు. బాల్‌ను సహజ నాయకుడిగా భావించారు. జడ్ వేగం మీద ఎవరికీ అనుమానం లేదు, అతడి భుజాల మీద ఉంది.

## ఎంపిక జరిగిన రోజు

మొదటి పది పిక్‌లు ఎవరెవరు?

హాడ్జ్ హాథార్న్‌కు, బాల్ సెయింట్ కిల్డాకు, జడ్ వెస్ట్ కోస్ట్‌కు వెళ్లారు. నాలుగో పిక్‌తో ఫ్రీమాంటిల్ గ్రాహం పోలాక్‌ను, అయిదో పిక్‌తో సెయింట్ కిల్డా డార్విన్ కుర్రవాడు జేవియర్ క్లార్క్‌ను, ఆరో పిక్‌తో వెస్ట్ కోస్ట్ ఆష్లీ శాంపిని తీసుకున్నాయి. ఏడో పిక్ డేవిడ్ హేల్, నార్త్ మెల్బోర్న్‌కు. ఆ రోజుల్లో ఆ క్లబ్ కంగారూస్ పేరుతో ఆడేది. ఎనిమిదో పిక్ జిమ్మీ బార్టెల్, జీలాంగ్‌కు. తొమ్మిదో పిక్ ల్యూక్ మోలన్, మెల్బోర్న్‌కు. పదో పిక్ శామ్ పవర్, వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కు.

క్రిస్ జడ్ అంతటివాడిని రెండు క్లబ్బులు ఎందుకు వదిలేశాయి?

పద్దెనిమిదేళ్లు నిండేసరికే జడ్ భుజాలకు శస్త్రచికిత్స జరిగింది. ఒంటికి ఒళ్లు తగిలే ఆటలో భుజం జారే కుర్రవాడు పదేళ్లు నిలబడతాడా అన్నది న్యాయమైన సందేహమే. పైగా హాడ్జ్, బాల్ ఇద్దరూ దృఢమైన దేహంతో, ఏ క్లబ్బైనా కోరుకునే నాయకత్వ లక్షణాలతో కనిపించారు. జడ్‌ను 'వదిలేశారు' అనే మాటలో కొంత అన్యాయం ఉంది: మూడో పిక్ అంటే దేశమంతటిలో మూడో ఉత్తమ యువకుడిగా గుర్తించడం. అతడు 21 ఏళ్ల వయసులో బ్రౌన్‌లో గెలిచిన తర్వాతే ఈ ప్రశ్న పుట్టింది. తర్వాతి చరిత్రలో విచిత్రమేమిటంటే, ఈ ముగ్గురిలో గాయాల బాధ ఎక్కువ పడి, ముందుగా ఆట విరమించినవాడు గట్టి దేహం గలవాడనుకున్న బాల్.

గ్యారీ ఆబ్లెట్ జూనియర్ 40వ పిక్ ఎందుకయ్యాడు? 39 సార్లు క్లబ్బులు అతణ్ని కాదన్నాయా?

కాదనలేదు, వాళ్లకు అతణ్ని ఎంచుకునే అవకాశమే లేదు. తండ్రి ఒక క్లబ్బుకు తగినన్ని మ్యాచ్‌లు ఆడి ఉంటే, కొడుకును ఆ క్లబ్ ముందుగానే తనవాడిగా ప్రకటించుకోవచ్చు. దీన్ని ఫాదర్-సన్ నియమం అంటారు. ఆబ్లెట్ తండ్రి, అదే పేరు గల గ్యారీ ఆబ్లెట్, జీలాంగ్‌కు 242 మ్యాచ్‌లు ఆడిన మహా ఆటగాడు. 2001 నాటి నిబంధన ప్రకారం ఇలాంటి ఎంపికకు క్లబ్ తన మూడో రౌండ్ పిక్‌ను ఖర్చు చేస్తే చాలు. మొదట మూడు ప్రయారిటీ పిక్‌లు (అడుగు జట్లకు ఇచ్చిన అదనపు వంతులు), తర్వాత 16 క్లబ్బులకు రౌండుకు పదహారు చొప్పున లెక్కిస్తే జీలాంగ్ మూడో రౌండ్ వంతు 40వ పిక్ అవుతుంది. అదే బ్యాచ్‌లో జారడ్ వెయిట్‌ను కార్ల్‌టన్ ఇదే నియమంతో 46వ పిక్‌గా తీసుకుంది.

నియమం లేకపోయి ఉంటే ఆబ్లెట్ ఏ పిక్‌గా వెళ్లేవాడు? అప్పటికి అతడు పెద్ద పేరు మోస్తున్న బక్కపలచని, పొట్టి కుర్రవాడు. హాడ్జ్, జడ్‌లతో సమానంగా అతణ్ని ఎవరూ చూడలేదు. మొదటి సీజన్లలో గోల్ దగ్గర తిరిగే చిన్న ఫార్వర్డ్‌గా ఆడి, 2007లో మిడ్‌ఫీల్డ్‌లోకి పూర్తిగా మారిన తర్వాతే లీగ్‌లో అందరికంటే గొప్పవాడయ్యాడు. అందువల్ల 40 అనే అంకె అతడి ప్రతిభ గురించి ఏమీ చెప్పదు, అప్పటి నిబంధన గురించి మాత్రమే చెబుతుంది. 2007 నుంచి అలాంటి కొడుకు కోసం తాము ఏ పిక్ ఇవ్వగలమో ఇతర క్లబ్బులు ముందే చెప్పే పద్ధతి వచ్చింది, అంత చౌకగా కొడుకులు దొరకడం దానితో ఆగిపోయింది.

శామ్ మిచెల్ 36వ పిక్ దాకా ఎలా మిగిలాడు?

మిచెల్ 2000 డ్రాఫ్ట్‌లో పేరిచ్చినా ఏ క్లబ్బూ తీసుకోలేదు. వేగం తక్కువ, ఎత్తు తక్కువ అన్నారు. అతడు బాక్స్ హిల్ క్లబ్బులో రాష్ట్ర స్థాయి ఆట ఆడి, తర్వాతి ఏడాది మళ్లీ ప్రయత్నించాడు. పరుగు పరీక్షలో గడియారం చూపించేది ఒకటి, గుంపులో బంతి ఎటు రాలుతుందో ముందే కనిపెట్టే చూపు మరొకటి. రెండు కాళ్లతోనూ సమానంగా తన్నగల నేర్పు అతడికి మరో బలం. 2003లో లీగ్ ఉత్తమ యువ ఆటగాడి పురస్కారమైన రైజింగ్ స్టార్ గెలిచాడు, హాథార్న్ క్లబ్ ఉత్తమ ఆటగాడి పతకాన్ని అయిదుసార్లు అందుకున్నాడు, మొత్తం 329 మ్యాచ్‌లు ఆడాడు. ఈ బ్యాచ్‌లో నేను అందరికంటే గౌరవించేది ఇతడినే.

డేన్ స్వాన్, బ్రయన్ లేక్ అంత వెనక ఎందుకు ఎంపికయ్యారు?

స్వాన్ కాల్డర్ క్యానన్స్ యువజట్టు నుంచి 58వ పిక్‌గా కాలింగ్‌వుడ్‌కు వచ్చాడు. శిక్షణ పట్ల శ్రద్ధ తక్కువన్న పేరు ఉండేది, 2003 చివర మైదానం వెలుపల జరిగిన ఒక గొడవతో కెరీర్ ముగిసిపోయేంత పని అయింది. క్లబ్ అతణ్ని ఉంచుకుంది. 2008 నుంచి వరుసగా మూడేళ్లు క్లబ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. లేక్ అప్పట్లో బ్రయన్ హారిస్ పేరుతో దక్షిణ ఆస్ట్రేలియా లీగ్‌లో వుడ్‌విల్-వెస్ట్ టారెన్స్‌కు ఆడుతుండేవాడు. 71వ పిక్‌తో వెస్టర్న్ బుల్‌డాగ్స్ తీసుకుంది. డిఫెండర్‌గా అక్కడ 197 మ్యాచ్‌లు ఆడి, 2012 చివర హాథార్న్‌కు మారి, మూడు సీజన్లలో మూడు ప్రీమియర్‌షిప్‌లు గెలిచాడు.

## మైదానంలో గడిచిన ఏళ్లు

తొలి మూడు నాలుగేళ్లలో ఎవరు ముందున్నారు?

జడ్, ఏ సందేహమూ లేకుండా. 2004లో 30 ఓట్లతో బ్రౌన్‌లో గెలిచాడు. 2005 గ్రాండ్ ఫైనల్‌లో వెస్ట్ కోస్ట్ సిడ్నీ చేతిలో నాలుగు పాయింట్లతో ఓడినా, ఓడిన జట్టులోంచే నార్మ్ స్మిత్ మెడల్ అందుకున్నాడు. మరుసటి ఏడాది అదే సిడ్నీని ఒక్క పాయింట్ తేడాతో ఓడించిన జట్టుకు కెప్టెన్. బాల్ 2005లో ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో చోటు సంపాదించాడు. ఆ దశలో లెక్క తీసి ఉంటే స్వాన్, ఆబ్లెట్, స్టీవ్ జాన్సన్ పేర్లు ఎవరూ పెద్దగా ప్రస్తావించేవారు కారు.

జీలాంగ్‌కు ఈ డ్రాఫ్ట్ వల్ల ఎంత మేలు జరిగింది?

8వ పిక్ బార్టెల్, 17వ పిక్ జేమ్స్ కెల్లీ, 24వ పిక్ స్టీవ్ జాన్సన్, 40వ పిక్ ఆబ్లెట్: ఒకే డ్రాఫ్ట్‌లో ఒకే క్లబ్ ఇంత పంట తీయడం ఈ లీగ్ చరిత్రలో అపురూపం. ఆటగాళ్ల ఎంపికను నడిపించిన స్టీఫెన్ వెల్స్ పేరు ఈ కారణంగానే ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు. 1999 డ్రాఫ్ట్‌లో దొరికిన జోయెల్ కోరీ, పాల్ చాప్‌మన్, క్యామరన్ లింగ్, కోరీ ఎన్‌రైట్ అప్పటికే ఉన్నారు. ఆ పునాది మీద ఈ నలుగురూ చేరడంతో 2007లో పోర్ట్ అడిలైడ్‌ను 119 పాయింట్ల తేడాతో ఓడించి, 1963 తర్వాత తొలి ప్రీమియర్‌షిప్ గెలిచారు. గ్రాండ్ ఫైనల్ చరిత్రలో అదే అతి పెద్ద తేడా. 2009లోనూ 2011లోనూ మళ్లీ గెలిచారు. బార్టెల్, కెల్లీ, జాన్సన్ మూడింటిలోనూ ఉన్నారు. ఆబ్లెట్ మొదటి రెండింటిలో.

జాన్సన్ గురించి ఒక మాట చెప్పాలి. 2007 మొదట్లో క్రమశిక్షణ తప్పినందుకు సహచర ఆటగాళ్ల నాయకత్వ బృందమే అతణ్ని జట్టుకు దూరంగా ఉంచింది. అదే ఏడాది సెప్టెంబరులో అతడు గ్రాండ్ ఫైనల్ ఉత్తమ ఆటగాడు. ప్రతిభను గుర్తించడం డ్రాఫ్ట్ రోజున సగం పని మాత్రమే; మిగతా సగం ఆ క్లబ్బులోని మనుషులు చేశారు.

సెయింట్ కిల్డా కూడా మంచివాళ్లనే తీసుకుంది కదా, మరి కప్పు ఎందుకు రాలేదు?

బాల్, క్లార్క్‌లతో పాటు 13వ పిక్‌గా నిక్ డాల్ శాంటో, 37వ పిక్‌గా లీ మాంటాన్యా ఆ క్లబ్బుకే వెళ్లారు. డాల్ శాంటో మొత్తం 322 మ్యాచ్‌లు, మాంటాన్యా 287 మ్యాచ్‌లు ఆడారు. అంతకుముందు ఏడాది మొదటి పిక్‌గా నిక్ రీవోల్ట్ వచ్చి ఉన్నాడు. ఎంపికలో లోపం వెతకడం కష్టం. 2009 గ్రాండ్ ఫైనల్‌లో జీలాంగ్‌తో 12 పాయింట్ల తేడాతో ఓడారు. 2010లో కాలింగ్‌వుడ్‌తో 68-68 సమంగా ముగిసి, వారం తర్వాత మళ్లీ ఆడవలసి వచ్చింది. ఆ రెండో మ్యాచ్‌లో 56 పాయింట్లతో ఓడిపోయారు. ఆ క్లబ్ చివరిసారి గెలిచింది 1966లో, అదే వారి ఏకైక ప్రీమియర్‌షిప్. డాల్ శాంటో, మాంటాన్యా కప్పు లేకుండానే ఆట ముగించారు. మంచి డ్రాఫ్ట్ జట్టును గ్రాండ్ ఫైనల్ దాకా తీసుకెళ్లగలదు. ఆపైన బంతి ఒక్కసారి అటు కాకుండా ఇటు ఎగిరినా చాలు, పదేళ్ల శ్రమ ఫలితం మారిపోతుంది. ఈ క్లబ్ అభిమానుల బాధ నాకు అర్థమవుతుంది.

ఏడు బ్రౌన్‌లో మెడల్స్ ఎవరెవరికి, ఎప్పుడు వచ్చాయి?

ప్రతి మ్యాచ్ తర్వాత అంపైర్లు ముగ్గురు ఆటగాళ్లకు 3, 2, 1 చొప్పున ఓట్లు వేస్తారు. సీజన్ మొత్తంలో ఎక్కువ ఓట్లు వచ్చినవాడికి పతకం. జడ్ 2004లోనూ 2010లోనూ 30 ఓట్లతో, బార్టెల్ 2007లో 29 ఓట్లతో, ఆబ్లెట్ 2009లో 30, 2013లో 28 ఓట్లతో, స్వాన్ 2011లో 34 ఓట్లతో గెలిచారు. స్వాన్ ఓట్లు ఈ పద్ధతిలో అప్పటికి రికార్డు. ఏడోది మిచెల్‌కు వచ్చిన 2012 పతకం. మొదటి పిక్ అయిన హాడ్జ్‌కు బ్రౌన్‌లో ఒక్కటీ రాలేదు.

మిచెల్‌కు 2012 పతకం 2016లో ఇవ్వడమేమిటి?

2012లో ఎసెండన్ ఆటగాడు జోబ్ వాట్సన్ ఎక్కువ ఓట్లతో గెలిచాడు. ఆ సీజన్‌లో ఎసెండన్ ఆటగాళ్లకు ఇచ్చిన సప్లిమెంట్ల వ్యవహారంలో తర్వాత వారిపై నిషేధం పడింది, 2016 నవంబరులో ఆ పతకాన్ని వాట్సన్ నుంచి వెనక్కి తీసుకున్నారు. రెండో స్థానంలో 26 ఓట్లతో సమంగా ఉన్న మిచెల్‌కూ రిచ్‌మండ్ కెప్టెన్ ట్రెంట్ కొచిన్‌కూ చెరొక పతకం ఇచ్చారు.

నార్మ్ స్మిత్ మెడల్ గెలిచిన అయిదుగురు ఎవరు?

2005లో జడ్, 2007లో స్టీవ్ జాన్సన్, 2008లో హాడ్జ్, 2011లో బార్టెల్, 2013లో లేక్, 2014లో మళ్లీ హాడ్జ్. 2008లో హాడ్జ్ పక్కటెముకల గాయంతోనే ఆడి, జీలాంగ్‌పై 26 పాయింట్ల విజయంలో ముందు నిలిచాడు. 2013 మ్యాచ్ ఈ బ్యాచ్ కథలో ప్రత్యేకమైనది: హాథార్న్ 15 పాయింట్లతో ఓడించిన జట్టు ఫ్రీమాంటిల్. గెలిచిన జట్టుకు హాడ్జ్ కెప్టెన్, మిచెల్ మిడ్‌ఫీల్డ్‌లో ఉన్నాడు. ఓడిన జట్టు డిఫెన్స్‌లో మెక్‌ఫార్లిన్ ఉన్నాడు. 2001 మార్పిడికి అటూ ఇటూ ఉన్నవాళ్లు పన్నెండేళ్ల తర్వాత కప్పు కోసం ఎదురెదురుగా నిలబడ్డారు.

ఈ బ్యాచ్‌లో అందరూ విజయం సాధించారా?

లేదు. తొమ్మిదో పిక్ మోలన్ గాయాల వల్ల ఒక్క సీనియర్ మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. శాంపి 2004లో ఆ ఏడాది ఉత్తమ క్యాచ్‌కు ఇచ్చే మార్క్ ఆఫ్ ది ఇయర్ గెలిచాడు గానీ, అతడి కెరీర్ వంద మ్యాచ్‌ల దాకా సాగలేదు. పోలాక్ రిచ్‌మండ్‌కు మారిన తర్వాత 2008లో మెల్బోర్న్‌లో ట్రామ్ ఢీకొని తలకు తీవ్ర గాయమైంది. మరుసటి ఏడాది తిరిగి మైదానంలోకి రావడమే అతడి గొప్ప విజయమని నేను భావిస్తాను. సూపర్ డ్రాఫ్ట్ అన్న పేరు ఉన్నా, మొదటి పదిమందిలో సగంమంది పేర్లు నేటి ప్రేక్షకులకు గుర్తులేవు.

## క్లబ్బులు మారిన దశ

జడ్ వెస్ట్ కోస్ట్‌ను ఎందుకు వదిలి వెళ్లాడు? ఆ క్లబ్ నష్టపోయిందా?

సొంత నగరమైన మెల్బోర్న్‌కు తిరిగి వెళ్లాలనుకున్నాడు. ఆరు సీజన్లు, 134 మ్యాచ్‌ల తర్వాత 2007 చివర కార్ల్‌టన్‌కు మారాడు. బదులుగా వెస్ట్ కోస్ట్‌కు 3, 20 పిక్‌లతో పాటు జాష్ కెనడీ అనే యువ ఫార్వర్డ్ వచ్చాడు. జడ్ కార్ల్‌టన్‌కు 145 మ్యాచ్‌లు ఆడి రెండో బ్రౌన్‌లో గెలిచాడు, మోకాలి గాయంతో 2015లో ఆట ముగించాడు. అక్కడ ప్రీమియర్‌షిప్ దక్కలేదు. కెనడీ వెస్ట్ కోస్ట్ చరిత్రలోనే అత్యధిక గోల్స్ చేసినవాడై 2018 ప్రీమియర్‌షిప్ గెలిచాడు. మార్పిడిలో వెస్ట్ కోస్ట్ నష్టపోలేదని గట్టిగా చెప్పవచ్చు.

బాల్ తన పాత క్లబ్బుపైనే కప్పు గెలిచాడన్నది నిజమేనా?

నిజమే. 2009 తర్వాత అతడు కాలింగ్‌వుడ్‌కు వెళ్లాలనుకున్నాడు, రెండు క్లబ్బుల మధ్య ఒప్పందం కుదరలేదు. దాంతో మళ్లీ డ్రాఫ్ట్‌లోనే పేరు నమోదు చేసుకున్నాడు. కాలింగ్‌వుడ్ 30వ పిక్‌తో తీసుకుంది. ఏడాది తిరగకముందే, 2010 గ్రాండ్ ఫైనల్‌లో సెయింట్ కిల్డాను ఓడించిన జట్టులో అతడున్నాడు, స్వాన్ కూడా ఉన్నాడు.

ఆబ్లెట్ జీలాంగ్‌ను విడిచి మళ్లీ ఎందుకు వచ్చాడు?

2010 చివర, లీగ్‌లో కొత్తగా చేరుతున్న గోల్డ్ కోస్ట్ అతణ్ని తొలి కెప్టెన్‌గా తీసుకుంది. అక్కడ 110 మ్యాచ్‌లు ఆడి, 2013లో రెండో బ్రౌన్‌లో గెలిచినా, అతడు ఉన్నంతకాలం ఆ జట్టు ఫైనల్స్‌కు చేరలేదు. 2017 చివర జీలాంగ్‌కు తిరిగి వచ్చాడు.

## ఇప్పుడు వెనక్కి చూస్తే

ఈరోజు ఆ డ్రాఫ్ట్‌ను మళ్లీ జరిపితే మొదటి పిక్ ఎవరు?

ఫాదర్-సన్ నియమాన్ని పక్కన పెడితే, నా ఎంపిక ఆబ్లెట్. 357 మ్యాచ్‌లు, 2007 నుంచి 2014 దాకా వరుసగా ఎనిమిదిసార్లు ఆల్ ఆస్ట్రేలియన్ గౌరవం, తోటి ఆటగాళ్లే ఓటు వేసి ఇచ్చే ఉత్తమ ఆటగాడి పురస్కారం అయిదుసార్లు. అంత ఎత్తులో అంత కాలం నిలిచినవాడు ఆ తరంలో మరొకడు లేడు. రెండోవాడు జడ్: 2004 నుంచి 2006 వరకు అతడి ఆట చూసినవాళ్లు మొదటి స్థానం అతడిదేనని వాదిస్తారు, వాళ్లతో గట్టిగా విభేదించలేను. తర్వాత హాడ్జ్, మిచెల్, బార్టెల్, స్వాన్. హాడ్జ్‌ను మిచెల్ కంటే ముందు పెట్టడానికి నా దగ్గర ఉన్న కారణం ఒక్కటే, పెద్ద మ్యాచ్‌లలో అతడు చూపిన ఆట.

అయితే జడ్‌ను కాదని హాడ్జ్‌ను తీసుకుని హాథార్న్ తప్పు చేసిందా?

చేయలేదు. ఆటగాడిగా జడ్ శిఖరం ఎత్తైనదే. కానీ హాథార్న్‌కు దక్కినది 305 మ్యాచ్‌లు, నాలుగు ప్రీమియర్‌షిప్‌లు, అందులో వరుసగా మూడింటికి కెప్టెన్సీ, రెండు నార్మ్ స్మిత్ మెడల్స్, పదహారు సీజన్లు వదలకుండా ఉన్న మనిషి. వెస్ట్ కోస్ట్‌కు జడ్ ఆరు సీజన్లే ఉన్నాడు. మొదటి పిక్ విలువను ఆటగాడి ప్రతిభతో మాత్రమే కొలిచేవారు ఈ తేడాను చూడటం లేదు. క్లబ్బు ఎంచుకునేది తన గదిలో పదిహేనేళ్లు ఉండవలసిన మనిషిని.

చరిత్రలో ఇదే అత్యుత్తమ డ్రాఫ్టా? 2004 సంగతేమిటి?

2004లో బ్రెట్ డెలీడియో మొదటి పిక్‌గా, జారిడ్ రఫెడ్ రెండో పిక్‌గా, లాన్స్ ఫ్రాంక్లిన్ అయిదో పిక్‌గా వచ్చారు. ఫ్రాంక్లిన్ తర్వాత వెయ్యి గోల్స్ దాటాడు. గట్టి బ్యాచే. అయినా పైనుంచి కిందిదాకా చూసినప్పుడు 2001 ముందుంటుందని నా అభిప్రాయం. 24, 36, 40, 58, 71 పిక్‌లలో ఇద్దరు నార్మ్ స్మిత్ విజేతలు, ముగ్గురు బ్రౌన్‌లో విజేతలు దొరికిన డ్రాఫ్ట్ ఇంకొకటి లేదు.

ఇప్పటి డ్రాఫ్ట్ నియమాలు అప్పటిలాగే ఉన్నాయా?

మూలసూత్రం అదే, వివరాలు చాలా మారాయి. అప్పుడు 16 క్లబ్బులు, ఇప్పుడు 18. ఎక్కువ మ్యాచ్‌లు ఓడితే తనంతట వచ్చే ప్రయారిటీ పిక్ ఇప్పుడు లేదు. అవసరమని లీగ్ భావిస్తేనే ఇస్తుంది. ఫాదర్-సన్ ఎంపికకు 2015 నుంచి ప్రతి పిక్‌కూ పాయింట్ల విలువ కట్టి, ఆ మేరకు క్లబ్ తన పిక్‌లను వదులుకోవాలి. ఆబ్లెట్‌లాంటివాడు ఇప్పుడు వస్తే మూడో రౌండ్ పిక్‌తో పని జరగదు.

ఈ బ్యాచ్‌లో చివరిదాకా ఆడింది ఎవరు? ఇప్పుడు వాళ్లు ఏం చేస్తున్నారు?

స్వాన్, బార్టెల్, డాల్ శాంటో 2016లో, మిచెల్, మాంటాన్యా, కెల్లీ 2017లో ఆట ముగించారు. హాడ్జ్ 2017లో హాథార్న్ నుంచి విరమించాక, బ్రిస్బేన్‌లో యువ ఆటగాళ్లకు తోడుగా మరో రెండు సీజన్లు ఆడాడు. అందరికంటే చివరగా మిగిలింది ఆబ్లెట్. 2020లో బ్రిస్బేన్‌లోని గబ్బా మైదానంలో రిచ్‌మండ్‌తో ఓడిన గ్రాండ్ ఫైనల్ అతడి ఆఖరి మ్యాచ్. హాడ్జ్, మాంటాన్యా టీవీ వ్యాఖ్యాతలయ్యారు. కెల్లీ కోచింగ్ వైపు వెళ్లాడు, డాల్ శాంటో సెయింట్ కిల్డా మహిళల జట్టుకు కోచ్‌గా పనిచేశాడు. మిచెల్ 2022 సీజన్ నుంచి హాథార్న్ సీనియర్ కోచ్‌గా ఉన్నాడు.